పుండరోళ్ళ తలలెక్క

తిప్పన్న ఇంటిపేరు విన్నాక రెండోసారి అడగనివాడు ఈ యాభై ఎనిమిదేళ్ళలో ఒక్కడూ తగల్లేదు. బ్యాంకులో అడిగారు, ఆధార్ కాడ అడిగారు. పెళ్ళిచూపులనాడు పిల్ల తండ్రి మూడుసార్లు అడిగి, చివరికి "పుండు ఇంకా మానలేదేమప్పా" అని గూడా అన్నాడు. ఆ పిల్లే చిన్నక్క. మూడు ముళ్ళతో ఆ పుండు ఆమెకూ అంటుకుంది.

పుండరు. అది ఇంగ్లీషోళ్ళ ఇంటిపేరు. వాళ్ళ దేశంలోనే దొరకడం కష్టమైన పేరు. అట్లాంటిది పెనుకొండకు నాలుగు మైళ్ళ దూరాన, చెనిక్కాయలు పండితే పండుగ, ఎండితే దండుగ అనుకునే పల్లెలో ఒక సేద్యగాళ్ళ కొంపకు ఎట్లా దొరికిందంటే, దానికొక కథ ఉంది. నూటా యాభై యేళ్ళ కిందటి ధాత కరువునాడు పుండర్ అనే తెల్లదొర కరువు పనులు చూడ్డానికి వచ్చాడు. తిప్పన్న తాతకు తాత మునెప్ప అప్పట్లో బందెలదొడ్డి కావలి. చేలో పడి మేసిన గొడ్లను తోలుకొచ్చి దొడ్లో కట్టేసి, జుల్మానా కట్టిన ఆసామికి విప్పి పంపడం ఆయన పని. కరువులో మేయడానికి పైరూ లేదు, మేసేందుకు గొడ్డూ లేదు. అయినా ఖాళీ దొడ్డి ముందర కట్టె పట్టుకుని నిలబడిన మునెప్పను చూసి దొర పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడట. మా దేశంలో పుండర్ అంటే బందెలదొడ్డి కాసేవాడనే అర్థం, మా తాతలూ కాసినోళ్ళే, నేను పేరుకు పుండర్‌ని, నువ్వు తీరుకు పుండర్‌వి అని దుబాసీ చేత చెప్పించాడట. ఆ పొద్దుటినుంచి ఊరు మునెప్పను పుండరు మునెప్ప అంది. ఆ యేడే దొర జ్వరమొచ్చి పోయాడు. మునెప్పే దగ్గరుండి పూడ్పించి, మీద సున్నపు గోరీ కట్టించాడు.

అప్పటినుంచి ప్రతి యేడూ శివరాత్రి మరుసటి దినం పుండరోళ్ళ పెద్ద ఆ గోరీకి సున్నం కొట్టి, టెంకాయ కొట్టి, ఒక చుట్టా ఒక క్వార్టరు బ్రాందీ పెట్టి, దొరకు తలలెక్క అప్పజెప్పాలి. ఈ యేడు ఫలానోళ్ళు పుట్టిరి, ఫలానోళ్ళు పోయిరి, నీ పేరు మోసేవాళ్ళం ఇంతమందిమి ఉండాం దొరా అని. ఇరవై రెండేళ్ళుగా ఆ లెక్క చెబుతున్నది తిప్పన్న. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో ఆయన బ్రోకరు. గూడు చూసి దారం ఎంతొస్తాదో చెప్పగలడు, దారం చూసి మనిషిని చెప్పగలడు. నోరు తెరిస్తే మాట మెలికపడి వస్తుంది. ఆ మెలికలకే రైతులు ఆయన దగ్గరికి వస్తారని చిన్నక్క అంటుంది.

అయితే ఈ కొంపలో ఒక మెలిక ఆయన నోట్లోనుంచి వచ్చింది కాదు. తిప్పన్న తాత కొండప్పకు మొదట రామసుబ్బమ్మ అనే కూతురు పుట్టింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు మగపిల్లోడు లేడు. ఇంక పుట్టడని అగళి నుంచి ఒక పిల్లోడిని ఇల్లటం తెచ్చుకున్నాడు. ఇల్లటమంటే తెలిసిందే కదా, అల్లుడే ఇంటికొచ్చి కొడుకై సేద్యం చేయడం. వాళ్ళ ఇంటిపేరు కరడి. కన్నడంలో కరడి అంటే ఎలుగుబంటి. కొండప్ప పదిమందిని కూర్చోబెట్టి, "ఈ పొద్దుటినుంచి ఈ ఎలుగుబంటి మా పుండరోడు" అని చెప్పి పేరు మార్పించాడు. ఎలుగు పోయి పుండరు వెలుగు వచ్చింది. ఇల్లటం వచ్చిన రెండో యేడు ముసలోడికి మగపిల్లోడు పుట్టి ఊరందరినీ ఆశ్చర్యపరిచాడు. కొండప్ప మాట తప్పలేదు. అల్లుడు పెద్దకొడుకు, కడుపున పుట్టినోడు చిన్నకొడుకు, వీళ్ళ పిల్లలు అన్నదమ్ములే గానీ బావా బామ్మర్దులు కారు, అట్ల పిలిచినోడి పళ్ళు రాలగొడతా అన్నాడు.

రామసుబ్బమ్మ కొడుకు తిప్పన్న. ఆ కడుపున పుట్టినోడి కొడుకు జయచంద్ర. వరసకు మేనత్త మేనమామ బిడ్డలు, పిలుపుకు అన్నదమ్ములు. పిలుపే గెలిచింది. తనకన్నా ఏడేళ్ళు చిన్నోడైన జయచంద్రను తిప్పన్న భుజాన వేసుకుని పెనుకొండ బడికి మోశాడు. "అన్నా" అనే ఆ పిలుపుకే ఎన్నోసార్లు తన అన్నంలో సగం పెట్టాడు. జయచంద్ర చదువుకుని ధర్మవరంలో ఇంగ్లీషు లెక్చరర్ అయ్యాడు. తిప్పన్న పదో తరగతితో ఇంగ్లీషుకు ఇంగ మంగళం పాడేశాడు.

పోయిన దసరా దాటాక జయచంద్ర హిందూపురం వచ్చి ఒక సంగతి చెప్పాడు. ఆర్నల్డ్ పుండర్ అని ఇంగ్లండులో ఒక రిటైరైన ఆయన, ప్రపంచంలో తన ఇంటిపేరు ఉన్నవాళ్ళందరినీ వెతికి లెక్క తీస్తున్నాడట. ఎవరు ఎక్కడ పుట్టారు, పేరు ఎట్లా వచ్చింది, ఇప్పుడు ఎంతమంది మిగిలారు, అంతా పుస్తకం వేస్తాడట. ఇప్పటికి నూటా ముప్పై దాటలేదట. ఇంటర్నెట్‌లో జయచంద్ర పేరు చూసి జాబు రాశాడట. ఈ వంశం కథ నాకు సగమే తెలుసు, నువ్వు చెప్పన్నా, నేను ఇంగ్లీషు చేస్తా అన్నాడు.

తిప్పన్నకు ఆ పూట కాళ్ళు నేలమీద ఆనలేదు. మూడు ఆదివారాలు చిన్నక్క బొరుగులతో ఒగ్గాణి కలిపి బజ్జీలు వేసి పెడితే, తింటూ చెబుతూ ఒకరు, తింటూ రాసుకుంటూ ఒకరు కూర్చున్నారు. యేటా గోరీ ముందర చెప్పే లెక్కే కాబట్టి తిప్పన్నకు తడుముకునే పని లేదు. మునెప్ప మొదలు నిన్నమొన్న పుట్టిన పిల్ల దాకా, పుట్టిన చోటు, పోయిన కారణం, పెళ్ళైన ఊరు అన్నీ గూడులోంచి దారం తీసినట్టు తీసి ఇచ్చాడు. బతికున్నవాళ్ళు పదిహేడు మంది. జయచంద్ర ఇంట్లో, వాళ్ళ తమ్ముళ్ళ ఇళ్ళలో కలిపి పదకొండు. తిప్పన్న, చిన్నక్క, బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు దీపిక, చిలమత్తూరులో ఉన్న తమ్ముడు నాగరాజు, వాడి పెళ్ళాం, బిడ్డ, వెరసి ఆరు. జయచంద్ర అన్నిటినీ నోటుబుక్కులో రాసుకున్నాడు. "వంశవృక్షం వేస్తాన్నా" అన్నాడు. "వెయ్యబ్బా, ఇన్నాళ్ళు మనం చెట్టెక్కలా, ఇప్పుడు ఎక్కుదాం" అన్నాడు తిప్పన్న.

శివరాత్రికి ఆర్నల్డ్ పుండర్ స్వయంగా వస్తున్నాడని తెలిసి, తిప్పన్న తెల్లచొక్కా కుట్టించాడు. దొర మొదటిసారి తన లెక్కను తన వాళ్ళ ఎదుట వింటాడు కదా అని గోరీకి రెండు పూతలు సున్నం ఎక్కువ కొట్టాడు. శివరాత్రి మరుసటి పొద్దున పెనుకొండ కొండకింద, గోరీ పక్కన షామియానా వేసి ఉంది. గోరీ తలాపున కొత్తగా ఒక నాపరాయి నిలబెట్టి మీద గుడ్డ కప్పారు. ఇదెప్పుడు చేయించారో తిప్పన్నకు తెలీదు. జయచంద్ర కోటు వేసుకుని తెల్లాయన పక్కన నిలబడి ఉన్నాడు.

ఆర్నల్డ్ మంచి మనిషి. ఎండకు టమాటా మాదిరి ఎర్రబడి, అందరికీ చేతులు జోడిస్తున్నాడు. తిప్పన్న ముందుకు పోయి, ఇంటి దగ్గర వారం రోజులు చిన్నక్క ముందర నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కను గొంతులో సర్దుకున్నాడు. నేనూ పుండర్‌నే అని. అది నోట్లోంచి బయటికి వచ్చేలోపలే జయచంద్ర అందుకుని తెల్లాయనకేదో చెప్పి, ఇటు తిరిగి నవ్వుతూ అన్నాడు.

"బావా, సామాన్లన్నీ తెచ్చినావా? పూజ మొదలుపెట్టు."

తిప్పన్న వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినో బావా అన్నాడేమో అని. వెనక కొండ తప్ప ఎవరూ లేరు.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ నోట రాని మాట. బావిలో తోసేముందు ఎవరైనా పిలుస్తారా? జయచంద్ర పిలిచి మరీ తోశాడు.

గుడ్డ తీశారు. రాతిమీద ఇంగ్లీషులో చెక్కారు. తిప్పన్నకు ఇంగ్లీషు అర్థం కాకున్నా అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, లారీల వెనక రాతలు చదివి మరిచిపోకుండా ఉంచుకున్నదే. దొర పేరు, మునెప్ప పేరు, కింద జయచంద్ర పేరు. ముందర కుర్చీ మీద పుస్తకం ఉంది. అచ్చుకు పోకముందు చూసుకోవడానికి తెచ్చిన నకలు. తిప్పన్న దాన్ని తెరిచి చెట్టుబొమ్మ ఉన్న పేజీ పట్టుకున్నాడు. మునెప్ప ఉన్నాడు. కొండప్ప ఉన్నాడు. కొండప్ప కింద ఒకే ఒక్క కొమ్మ. రామసుబ్బమ్మ కొమ్మ ఉండాల్సిన చోట తెల్లకాగితం ఉంది. కొమ్మల చివర ఉన్న పేర్లను వేలుపెట్టి లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ పెట్టాడు. పదకొండే. ఆ పదకొండు మందికీ పుట్టిన తేదీలు, ఊర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. తను చెప్పినవే. వంశవృక్షం కాదది, వంచనవృక్షం.

తన పేరు లేకపోలేదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఆ పక్కనున్న మాటేందని షామియానా కింద కూర్చున్న జయచంద్ర కాలేజీ పిల్లను అడిగితే, "కేర్‌టేకర్ అంటే కాపలాదారు తాతా" అంది.

ఆ పూట టెంకాయ కొట్టింది తిప్పన్నే. చుట్ట వెలిగించి పెట్టిందీ ఆయనే. లెక్క చెప్పే వేళకు మాత్రం జయచంద్ర ముందుకొచ్చి ఇంగ్లీషులో చెప్పాడు. అందులో 'ఎలెవన్' అనే మాట తిప్పన్నకు తెలిసింది. అంతా అయ్యాక ఆర్నల్డ్ కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా వచ్చి, తిప్పన్న రెండు చేతులూ పట్టుకుని, ఇంత కాలం మా పెద్దాయనను చూసుకున్నందుకు అని జయచంద్ర చేత చెప్పించి, ఒక నోటు చేతిలో పెట్టాడు. తిప్పన్నకు టిప్పు. వేరే పూటైతే ఆ మాటకు ఆయనే ముందుగా నవ్వి పదిమందిని నవ్వించేవాడు. ఆ నోటు పౌండో డాలరో గూడా చూడకుండా గోరీ మీద ఉన్న పళ్ళెంలో పెట్టి, పెనుకొండ స్టేషనుకు నడిచిపోయాడు.

హిందూపురంలో చిన్నక్క సంగతంతా వింది. తర్వాత ఒకే మాట అంది, మనం మూడు వారాలు బజ్జీలేసి పెట్టి మన పేర్లు మనమే కొట్టేయించుకున్నాం అని. చిలమత్తూరు నుంచి నాగరాజు ఫోన్ చేసి, ఈ పేరుతో మనకేమొచ్చింది, మార్కెట్లో నవ్వడం తప్ప, పోతే పోనీలేన్నా అన్నాడు. తిప్పన్నకు పోనిచ్చేలాగా లేదు. బందెలదొడ్డి మూతపడేదాకా, ఆఖరి రెండేళ్ళు పంచాయతీ తరఫున దానికి కావలి కాసింది తనే. పేరుకూ తీరుకూ పుండరు అయిన చివరివాడు తనే. పుస్తకం శుక్రవారం దాకా అచ్చుకు పోదని, ఆర్నల్డ్ అంతవరకు బెంగళూరు హోటల్లో ఉంటాడని తెల్లాయనతో వచ్చిన డ్రైవరు చెప్పాడు. జయచంద్ర ఒక్క ఫోన్ చేస్తే కొమ్మ మళ్ళీ చిగురిస్తుంది. ఆ ఫోన్ చేయించాలి. బతిమాలితే చేయడు. కొట్లాడితే అసలు చేయడు. అప్పుడు తిప్పన్న బుర్రలో ఒక మెలిక పడింది.

బుధవారం పొద్దున ధర్మవరం రైలు దిగాడు. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమ, పూలు, ఒక టెంకాయ పెట్టుకుని జయచంద్ర ఇంట్లో అడుగుపెట్టాడు. జయచంద్ర భార్య గంగాదేవి పళ్ళెం చూసి, దీపికకు సంబంధం కుదిరిందేమో అని మొహం విప్పుకుని ఎదురొచ్చింది. ఫోన్ చూస్తూ కూర్చున్న జయచంద్ర లేచాడు. తిప్పన్న ఆ పళ్ళాన్ని వాళ్ళిద్దరి మధ్య టీపాయి మీద పెట్టాడు.

"మీ మనోజ్‌ను మా దీపికకు అడగడానికి వచ్చినా" అన్నాడు.

గంగాదేవి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కొడుకు మనోజ్‌కు దీపిక ఇరవై ఏళ్ళుగా రాఖీ కడుతోంది.

"ఏం మాట్లాడతాండావన్నా?" అన్నాడు జయచంద్ర. "వాళ్ళు అన్నాచెల్లెళ్ళు గదన్నా. యాడన్నా జరిగేదేనా ఇది?"

"ఎట్ల అన్నాచెల్లెళ్ళు? నేను నీకు బావనంటివే. మేనత్త కొడుకు కూతురుకు, మేనమామ కొడుకు కొడుకుకు చేసుకుంటే ఊర్లో ఎవరు కాదంటారు? వరస నువ్వు కలిపిందే. నేను ఒట్టి పళ్ళెం తెచ్చినా."

"అదేదో ఆడ నోరుజారి..."

"ఇప్పుడు రెండుసార్లు అన్నా అన్నావు. అదీ నోరుజారిందేనా? ఏది జారింది, ఏది జార్చినావు, చెప్పబ్బా."

జయచంద్ర కూర్చున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. చాలాకాలంగా దాచుకున్నది బయటపడ్డవాడి అలసట ఉంది. తండ్రి వైపునుంచి వచ్చినవాళ్ళనే చెట్టులో వేస్తామని ఆర్నల్డ్ మొదటే రాశాడని చెప్పాడు. ఇల్లటం సంగతి వివరించి రాసుంటే ఆయన ఒప్పుకునేవాడే కదా అని తిప్పన్న అడిగాడు. ఒప్పుకునేవాడేనని జయచంద్ర దాచలేదు.

"దొర మన మునెప్పకు ఏ రక్తమిచ్చినాడురా?" అన్నాడు తిప్పన్న. "పేరిచ్చినాడు, పుచ్చుకున్నాం. మన తాత మా నాయనకు అట్లే ఇచ్చినాడు. ఇచ్చిన పేరు మీది నికరం, మాది నకిలీనా?"

"నికరమే. రెండూ నికరమే. నీ పేరు చెట్లో వేస్తే నువ్వే పెద్దోడివన్నా. రాయి మీద నీ పేరే చెక్కుతారు. ఆయన్ని వెతికిచ్చింది నేను, ఏడాది ఉత్తరాలు రాసింది నేను. కాలేజీ వాళ్ళందరూ వచ్చి నిలబడితే, పట్టుగూళ్ళ బ్రోకరు ముందరుండి..." ఆ మాట పూర్తి చేయలేదు.

"ముందరుండి?"

"ఏమీ లేదు."

"సరే. రాయి నీదే ఉండనీ. నాకు రాయి వద్దు. పుస్తకంలో మా అమ్మ కొమ్మ పెట్టు. మా ఆరుగురిని లెక్కలో కలుపు. ఫోన్ నీ చేతిలోనే ఉండాది. ఇప్పుడే చెయ్యి, నేను వింటా. చేస్తే ఈ పళ్ళెం తీసుకుని పోతా, ఈ మాట ఈ గోడలు దాటి పోదు. చేయకపోతే నేను నీకు బావనే. అప్పుడు ఈ పళ్ళెం ఊరికే తెచ్చింది కాదు, సంబంధమడిగిన పళ్ళెం. జవాబు చెప్పి పంపాల."

మా పక్క పద్ధతి ఒకటుంది. సంబంధం అడగడానికి తెచ్చిన తాంబూలాన్ని ఆ ఇంటివాళ్ళు ఉంచుకుంటే సరేనన్నట్టు. వద్దనుకుంటే నోటితో చెప్పే పని లేదు, ఇంటి యజమాని ఆ పళ్ళాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చినవాడి చేతికే తిరిగి ఇస్తాడు. అట్లా ఇచ్చాడంటే నీకూ నాకూ వియ్యమందే వరస ఉంది, కానీ నాకు ఇష్టం లేదని. అన్నదమ్ముల మధ్య ఆ పని ఉండదు, వరసే లేనప్పుడు వద్దనడం ఎక్కడిది?

జయచంద్రకు ఆ సంగతి తెలుసు. ఫోన్ వైపు చూశాడు. తెర మీద ఆర్నల్డ్‌తో తను గోరీ దగ్గర దిగిన ఫోటో ఉంది, కోటుతో. గంగాదేవి మెల్లిగా, చెయ్యండి, ఒక్క ఫోనే కదా అంది. మొన్న చెప్పింది అబద్ధమని తెల్లాయనకు నేనే ఫోన్ చేసి ఒప్పుకోవాలి కదా అన్నాడు ఆయన ఆమెతో, అన్నను చూడకుండా. రాయి మీద చెక్కింది చెరిపేదెట్ల, అందరూ ఏమనుకుంటారు అన్నాడు. రెండోసారి అచ్చు వేసినప్పుడు చూద్దాం అని గూడా అన్నాడు. రెండోసారి అచ్చు వేయరని ముగ్గురికీ తెలుసు.

బయట మగ్గం టక్కు టక్కుమంటోంది. తిప్పన్న పట్టుబట్టి కూర్చున్నాడు గానీ, ఆయన మనసులో సగం ఇప్పటికీ ఈ పిల్లోడు ఫోనే ఎత్తుతాడని నమ్ముతోంది. ఎత్తకపోతే ఎట్లా? భుజాన మోసింది వీణ్ణే కదా.

జయచంద్ర ఫోన్‌ను బోర్లా తిప్పి టీపాయి మీద పెట్టాడు. లేచి, రెండు చేతులా పళ్ళెం ఎత్తాడు. తమలపాకులు జారబోతే బొటనవేలితో అదిమిపట్టి, తిప్పన్న ముందరకు చాపాడు. వెనక్కి తీసుకోలేదు.

తిప్పన్న లేచాడు. పళ్ళెం అందుకున్నాడు. మూడు రోజులుగా ఎంత గట్టిగా తోసినా మునగకుండా తేలుతూ వచ్చినవాడు ఆ పళ్ళెం బరువుతో మునిగాడు.

గుమ్మం దాకా గంగాదేవి వెంట వచ్చింది. భోంచేసి పోదువు, సంగటి వండినా అంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆమె అడక్కుండానే తిన్నాడు. తమ్ముడి పెళ్ళాం కాబట్టి ఆమెను మరదలా అనే పిలిచేవాడు. ఇప్పుడు జయచంద్ర తనకు బామ్మర్ది అయ్యాడు. బామ్మర్ది పెళ్ళాం ఏ వరస అవుతుందో చెప్పులు తొడుక్కుంటూ ఆలోచించుకున్నాడు.

"ఇంకోసారి తింటాలే చెల్లెమ్మా" అని చెప్పి స్టేషను వైపు నడిచాడు.